టెండరులో తేడా కనిపిస్తే సభలో అడిగించడం ఎలా? సిక్కోలు, విజయనగరం వాసులకు సమగ్ర మార్గదర్శి

పైపులైను వేసి ఏడాది తిరక్కుండానే పగిలిపోతుంది. ఆసుపత్రికి వచ్చిన యంత్రం అట్టపెట్టె కూడా విప్పకుండా మూలన పడి ఉంటుంది. ఊళ్లో అందరి నోటా ఒకటే మాట: "తినేశారు." ఆ మాట నిజమే కావచ్చు. కానీ దానికి శాసనసభలో జవాబు రాదు. ఫలానా అగ్రిమెంటు కింద ఎన్ని మీటర్లకు బిల్లు చెల్లించారు, నేలలో ఎన్ని మీటర్లు ఉంది అని సభ్యుడు లేచి అడిగితే మంత్రి అంకె చెప్పాలి. చెప్పిన అంకె రికార్డుకు ఎక్కుతుంది. ఆ అంకె తప్పయితే అసలు పని అక్కడ మొదలవుతుంది. అలాంటి ప్రశ్నను ఎలా తయారు చేయాలి, జవాబు వచ్చాక దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నది ఇక్కడ చెబుతాను.

మన జిల్లాలకు ఇది చాలా అవసరం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో కుటుంబాలు చితికిపోయాయి. అక్కడ తాగునీటి పథకానికి పెట్టే ప్రతి రూపాయీ ప్రాణంతో ముడిపడినదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక, సాయం కోసం ఎన్నో కొనుగోళ్లు ఆదరాబాదరాగా చేయాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు పోయారు. ఈ మూడింటిలో అవినీతి జరిగిందని నేను అనడం లేదు. నీళ్లు, మందులు, తుపాను సాయం మన దగ్గర ఎంత ముఖ్యమో, వాటి కొనుగోళ్ల లెక్క అడగడం అంత ముఖ్యమని అంటున్నాను.

మొదటి అడుగు: ఒక్క పనిని పట్టుకోండి

మండలంలో జరిగిన పనులన్నిటి మీదా ఒకే అర్జీ పెడితే ఏదీ తేలదు. ఒక పని, ఒక అగ్రిమెంటు, ఒక బిల్లు చాలు. ఎంచుకునేటప్పుడు చేతకానితనాన్నీ అక్రమాన్నీ వేరు చేసి చూడండి. పని ఆలస్యమైందంటే కాంట్రాక్టరుకు బిల్లులు రాక ఆగిపోయి ఉండవచ్చు, అది వేరే సమస్య. చెయ్యని పనికి బిల్లు లేచినా, తక్కువ రకం సరుకు వేసి ఎక్కువ రకం రేటు రాసినా, పోటీ లేకుండా ఒకరికే పని దక్కేలా షరతులు పెట్టినా అది మన విషయం.

అక్రమం ఎక్కడ దాక్కుంటుందో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. టెండరు పెట్టె తెరిచిన రోజునే అంతా జరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ దశ మీద నిఘా కాస్త ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలోనే 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. అదే ఏడాది జులైలో నీటిపారుదల శాఖ ఇచ్చిన జీఓ 94తో, అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్, అంటే ఎక్కువ ధర, కోట్ చేసిన టెండరును ఒప్పుకోకూడదన్న కట్టడి వచ్చింది. అందుకే నా లెక్కలో వెతకాల్సింది టెండరుకు ముందూ, తర్వాతా. ముందంటే, అంచనానే ఉబ్బించి రాయడం, పెద్ద పనిని ముక్కలు చేసి నామినేషన్ (టెండరు లేకుండా నేరుగా ఒకరికి పని ఇచ్చే) పరిమితిలోకి దించడం, ఒక్క కంపెనీకే సరిపోయే అర్హతలు పెట్టడం. తర్వాతంటే, బాగా లెస్‌కు, అంటే అంచనా కంటే తక్కువ ధరకు, పని పట్టి, అదనపు ఐటెమ్‌లు, సప్లిమెంటరీ అగ్రిమెంటు, సవరించిన అంచనాల పేరుతో ఆ లెస్‌ను తిరిగి రాబట్టుకోవడం. పని 2019, 2024 మధ్యలోదైతే దానికి రివర్స్ టెండరు, అంటే వచ్చిన తక్కువ ధర మీద మళ్లీ పోటీ పెట్టి ఇంకా తగ్గించడం, జరిగి ఉండవచ్చు. అప్పుడు మొదట వచ్చిన ఎల్-1 (అందరికంటే తక్కువ) ధర, రివర్స్ తర్వాతి ధర, ఫైనల్ బిల్లు మొత్తం మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మిగిల్చామని చెప్పుకున్న సొమ్ము ఫైనల్ బిల్లులోనూ మిగిలిందో లేదో అక్కడే బయటపడుతుంది.

తుపాను వేళ టెండరు లేకుండా కొనడం దానికదే తప్పు కాదు. కానీ అలా ఎందుకు కొన్నారో, ఆ రేటు ఎలా ఖరారైందో ఫైలులో రాసి ఉండాలి. ఆ నోట్ ఉందా అన్నదే మీ ప్రశ్న.

రెండో అడుగు: కాగితాలు

ముందు ఉచితంగా దొరికేవి చూడండి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండరు నోటీసు, షరతులు చూడవచ్చు. పంచాయతీ, మునిసిపాలిటీ పనులైతే రాష్ట్ర ఆడిట్ శాఖ, అంటే మనవాళ్లు ఇంకా లోకల్ ఫండ్ ఆడిట్ అని పిలిచే శాఖ, రాసిన అభ్యంతరాలు ఉంటాయి. వీటిని ఎవరూ పట్టించుకోరు గానీ సగం పని వాళ్లే చేసి పెట్టి ఉంటారు.

మిగతావి సమాచార హక్కు చట్టం కింద అడగాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తులో "ఎందుకు", "ఎవరు బాధ్యులు" అని రాయకండి. ఆ చట్టం ఇచ్చేది రికార్డు, వివరణ కాదు. పైపులైను పని అనుకుంటే ఇలా అడగండి: పరిపాలన అనుమతి ఇచ్చిన ఉత్తర్వు, సాంకేతిక మంజూరు పొందిన అంచనా ప్రతి, టెండరులో పాల్గొన్నవారి రేట్ల తులనాత్మక పట్టిక, అగ్రిమెంటు, ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) ఆ పనికి చెందిన పేజీలు, చెక్ మెజర్‌మెంట్ (ఆ కొలతలను మళ్లీ కొలిచి సరిచూడటం) చేసిన అధికారి హోదా, తేదీ, క్వాలిటీ కంట్రోల్ నివేదికలు, పార్ట్ బిల్లులు, ఫైనల్ బిల్లు, సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) చెల్లింపు జరిగిన తేదీలు. ఆసుపత్రి కొనుగోలైతే ఎం-బుక్ ఉండదు. అక్కడ కొనుగోలు ఉత్తర్వు, స్టాకు రిజిస్టరు పేజీ, యంత్రం బిగించి నడిపి చూశామన్న ధ్రువపత్రం, వార్షిక నిర్వహణ ఒప్పందం అడగండి. బిగించకుండానే బిగించినట్టు సంతకం పెట్టిన ధ్రువపత్రం దొరికితే ఇక వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు.

ఈ చట్టంలో చాలామంది వాడని మాట ఒకటుంది. సెక్షన్ 2(జె) ప్రకారం పౌరుడు పనిని తనిఖీ చేయవచ్చు, వాడిన సరుకు నమూనాను ధ్రువీకరించి ఇమ్మని కోరవచ్చు. "పని తనిఖీకి అనుమతించి, తేదీ తెలియజేయగలరు" అని ఒక్క వాక్యం చేర్చండి. ఆ వాక్యం చూశాక కార్యాలయం మీ దరఖాస్తును వేరే కంటితో చూస్తుంది.

మూడో అడుగు: కాగితం మీదది నేల మీద ఉందా

ఎం-బుక్ చేతికొచ్చాక టేపు పట్టుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి. వార్డు మెంబరో, ఊళ్లో పని తెలిసిన ప్లంబరో, మేస్త్రీయో పక్కన ఉండాలి. తాగునీటికి వేసే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు మీద ఐఎస్ 4984 అన్న ప్రమాణం, వ్యాసం, పీఈ (ప్లాస్టిక్ రకం) గ్రేడు, పీఎన్ (ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే) తరగతి, తయారీదారు గుర్తు, బ్యాచి అచ్చువేసి ఉంటాయి. అంచనాలో 110 మిల్లీమీటర్లని ఉండి నేలలో 90 కనిపిస్తే, లేదా పీఎన్ 6 రాసిన చోట పీఎన్ 4 ఉంటే, ఆ ఒక్క ఫోటో పది పేజీల ఆరోపణ కంటే బరువైనది. ఫోటోలో టేపు కనిపించాలి, పక్కన బడో గుడో ఏదో ఒక ఆనవాలు కనిపించాలి, ఫోన్‌లో లొకేషన్, తేదీ ఆన్‌లో ఉండాలి. పైపు బయటపడి ఉన్న చోట్ల, లీకు కోసం తవ్విన చోట్ల చూడండి. మీరే రోడ్డు తవ్వితే కేసు మీ మీదకు వస్తుంది.

చూసినవాళ్లంతా అక్కడే ఒక కాగితం మీద ఏం చూశారో రాసి సంతకాలు చేయండి. గ్రామసభ జరిగితే దాన్ని తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి.

నాలుగో అడుగు: ఎవరి దగ్గరకు వెళ్లాలి

ఇక్కడ మనవాళ్లు తికమకపడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. కానీ లోక్‌సభ స్థానాల హద్దులు మారలేదు. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నా ఎంపీ విజయనగరం ఎంపీ. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉన్నా ఎంపీ విశాఖపట్నం ఎంపీ. అర్జీ తప్పు గుమ్మానికి పోతే నెలలు వృథా అవుతాయి.

పని డబ్బు ఎక్కడిదో చూడండి. రాష్ట్ర నిధులైతే ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ. జల్ జీవన్ మిషన్, గ్రామసడక్ యోజన లాంటి కేంద్ర పథకాలైతే ఎంపీ కూడా. లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు కావాలి. ఒక రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి. నక్షత్ర గుర్తు ఉన్నదానికి మంత్రి నోటితో చెబుతారు, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే. చిన్న ఊరి పనికి రాతపూర్వక జవాబే మేలని నా అభిప్రాయం. దానికి అవకాశాలు ఎక్కువ, అంకెలూ వివరంగా వస్తాయి.

మీ ఎమ్మెల్యే మంత్రి అయితే ఆయన సభలో ప్రశ్న వేయరు. 2024 జూన్ మంత్రివర్గంలో టెక్కలి, గజపతినగరం, సాలూరు ఎమ్మెల్యేలకు చోటు దక్కింది. అలాంటి చోట్ల ఎమ్మెల్సీలను గుర్తు పెట్టుకోండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కలిపి ఒక పట్టభద్రుల స్థానం, ఒక ఉపాధ్యాయుల స్థానం ఉన్నాయి. స్థానిక సంస్థల ఎమ్మెల్సీలు వేరు. మీరు డిగ్రీ ఓటరైతే ఆ సభ్యుడిని అడిగే హక్కు మీకు నేరుగా ఉంది.

అధికార పార్టీ సభ్యుడు తన ప్రభుత్వాన్ని ఎందుకు అడుగుతాడని నిరుత్సాహపడకండి. నియోజకవర్గానికి వచ్చిన డబ్బు కాంట్రాక్టరు జేబులోకి పోతే వచ్చే ఎన్నికల్లో తిట్లు తినేది ఆయనే. "బాబూ, మీరు తెచ్చిన నిధులే ఇవి, పని మాత్రం ఇలా ఉంది" అని చెప్పండి, వింటారు. అదే కాగితాన్ని అవతలి పార్టీ సభ్యుడికీ ఇవ్వండి. ఇద్దరికీ ఇచ్చామని ఇద్దరికీ చెప్పండి. ఒకరికి దాచి మరొకరికి ఇస్తే మీ పని రాజకీయమని ముద్ర పడుతుంది, ఆ ముద్ర పడ్డాక నిజం కూడా నమ్మరు.

సభ జరగని రోజుల్లో జిల్లాలోనే అడిగించవచ్చు. జిల్లా పరిషత్, మండల పరిషత్ సర్వసభ్య సమావేశాలు, ఇన్‌ఛార్జి మంత్రి పెట్టే జిల్లా సమీక్ష, ఎంపీ అధ్యక్షతన కేంద్ర పథకాలను చూసే దిశ కమిటీ ఉన్నాయి. అక్కడ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఎదురుగానే కూర్చుంటారు. చాలా విషయాలు అమరావతి దాకా పోకుండా అక్కడే తేలతాయి. అడిగింది మినిట్స్‌లో రాయించమని మీ జడ్పీటీసీకో ఎంపీటీసీకో ముందే చెప్పండి.

ఐదో అడుగు: ప్రశ్న రాయడం

సభ్యుడికి మీరిచ్చేది ఒకే పేజీ. పైన పని పేరు, అగ్రిమెంటు నంబరు, మొత్తం. కింద రెండు నిలువు వరుసలు, ఎం-బుక్‌లో ఉన్నది ఒకవైపు, నేల మీద ఉన్నది ఒకవైపు. చివర మీరు కోరే ప్రశ్న. మిగతా కాగితాలన్నీ వెనక జతపరచండి. పీఏకి ఇచ్చి సరిపెట్టకండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

ప్రశ్నను సభ కార్యాలయం తిరగ్గొట్టే కారణాలు కొన్ని ఉన్నాయి. అందులో నింద ఉండకూడదు, వాదన ఉండకూడదు, ఊహ ఉండకూడదు, కోర్టు విచారణలో ఉన్న విషయం కాకూడదు. రాసినదాని నిజానికి సభ్యుడే పూచీ. అందుకే "అవినీతి", "దోపిడీ" అన్న మాటలు ప్రశ్నలో వద్దు.

ఇక అసలు కిటుకు. మన సభలో ప్రశ్నలు అ, ఆ, ఇ అని భాగాలుగా ఉంటాయి. అలవాటుగా మొదటి భాగాన్ని "అక్రమాలు జరిగిన విషయం వాస్తవమేనా" అని మొదలుపెడతారు. మంత్రి "కాదండి" అంటారు. దాంతో మిగతా భాగాలన్నిటికీ "ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్న ఒక్క ముక్క చాలిపోతుంది. మూడు నెలల మీ కష్టం అక్కడ మునిగిపోతుంది. కాబట్టి మొదటి భాగం అంకె అడగాలి. నమూనా చూడండి:

"గ్రామీణ నీటి సరఫరా శాఖామాత్యులు దయతో ఈ క్రింది విషయములు తెలియజేయుదురా:
అ) ఫలానా మండలం ఫలానా గ్రామంలో, ఫలానా అగ్రిమెంటు క్రింద ఎన్ని మీటర్ల, ఏ వ్యాసం, ఏ పీఎన్ తరగతి పైపునకు చెల్లింపులు జరిగినవి;
ఆ) సదరు పనిని క్వాలిటీ కంట్రోల్ విభాగం తనిఖీ చేసిన తేదీలు, నమోదు చేసిన పొడవు, వ్యాసం ఎంత;
ఇ) ఎం-బుక్ నమోదుకు, క్షేత్రస్థాయికి గల వ్యత్యాసంపై ప్రభుత్వానికి అందిన ఫిర్యాదులు, వాటిపై చర్యలు ఏవి;
ఈ) రాబట్టిన సొమ్ము వివరములు ఏవి?"

ఇందులో ఏ భాగానికీ "కాదండి" అని చెప్పి తప్పుకోవడం కుదరదు. "అ"కు చెప్పిన అంకె మీ దగ్గరున్న ఎం-బుక్‌తో కలవాలి. కలవకపోతే ఒక తప్పుకు బదులు రెండు బయటపడతాయి. ఇంకో సంగతి: "ఇ" భాగం నిలబడాలంటే ముందే ఒక ఫిర్యాదు ప్రభుత్వానికి అంది ఉండాలి. అందుకని ప్రశ్న నోటీసుకు ముందే కలెక్టరు గారి సోమవారం అర్జీల్లో అదే పేజీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రశ్నోత్తరాల గంటలో సభ్యుడికి దక్కేది ఒకటి రెండు నిమిషాలు. అనుబంధ ప్రశ్నలు రెండు మూడు పెద్ద అక్షరాలతో విడిగా రాసివ్వండి. చెక్ మెజర్‌మెంట్ ఎవరు చేశారు? డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలకు కాంట్రాక్టరే బాధ్యత వహించే) గడువు ఎప్పటితో ముగుస్తుంది? ఆలోగా కాంట్రాక్టరు చేత సొంత ఖర్చుతో మార్పిస్తారా? మూడోది ఊరికి నేరుగా పనికొచ్చేది. శిక్ష పడేసరికి ఏళ్లు పట్టవచ్చు గానీ పైపు మార్పు ఈ వేసవిలోనే కావాలి.

ఆరో అడుగు: జవాబు వచ్చాక

ఎక్కువమంది ఇక్కడ ఆగిపోతారు. సభలో మాట వచ్చింది, పేపర్లో పడింది, సంబరం అయిపోయింది. నిజానికి ఇక్కడి నుంచే జాగ్రత్త కావాలి.

"విచారణ జరిపిస్తాం" అని మంత్రి అంటే అది సభకు ఇచ్చిన హామీ. హామీలు నెరవేరాయో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. జవాబు ప్రతి తీసుకుని, తేదీతో, ఆ కమిటీకి రాయమని మీ సభ్యుడిని కోరండి. లోక్‌సభలో ఇచ్చిన హామీకి సాధారణంగా మూడు నెలల గడువు. "సమాచారం సేకరిస్తున్నాం" అన్న జవాబు వస్తే మరుసటి సమావేశాల్లో అదే ప్రశ్న మళ్లీ వేయించండి. జవాబులో అంకె తప్పని మీ కాగితం చెబుతుంటే, ఆ రెండిటినీ జతచేసి సభాపతికి సభ్యుడి చేత రాయించండి.

మొత్తం పెద్దదైనా, ఒకే తీరు అక్రమం అనేక మండలాల్లో కనిపించినా ప్రజా పద్దుల కమిటీ దారి ఉంది. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలు రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం గవర్నరు ద్వారా సభ ముందుకు వస్తాయి, వాటిని ఈ కమిటీ పరిశీలిస్తుంది. దీని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 నవంబరులో మాత్రం ప్రతిపక్షానికి సంఖ్యాబలం చాలక జనసేన సభ్యుడు అధ్యక్షుడయ్యారు. ఎవరున్నా ఈ కమిటీ పని అధికారులను పిలిచి లెక్క అడగడమే. ఆడిట్ బృందం జిల్లాకు వచ్చేలోపే, కాగ్ కింద పనిచేసే ప్రిన్సిపల్ అకౌంటెంట్ జనరల్ ఆడిట్ కార్యాలయానికి మీ పేజీ పంపితే, వాళ్లు నమూనాగా ఎంచుకునే పనుల్లో మీది ఉండే అవకాశం ఉంటుంది. ప్రభుత్వ కార్పొరేషన్ కొనుగోలైతే, అంటే రాష్ట్ర వైద్య సేవల సంస్థ కొనే మందులు, యంత్రాల వంటివైతే, చూడాల్సింది ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ.

లంచం అడిగారన్న రుజువు, దొంగ సంతకం, ఒకే మనిషి రెండు పేర్లతో టెండరు వేసిన ఆనవాళ్లు దొరికితే ఏసీబీకి, విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. లోకాయుక్తకూ ఫిర్యాదు చేయవచ్చు. ఒక అడ్డు గురించి ముందే తెలిసి ఉండాలి. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో 17ఎ సెక్షన్ చేరింది. అధికారి తన విధిలో భాగంగా తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తుకు ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. దానికి మూడు నెలలు, మరో నెల పొడిగింపు ఉన్నాయి. కాబట్టి ఏసీబీ కదలడం లేదని సభ దారి వదిలేయకండి, రెండూ పక్కపక్కనే నడవాలి. అయితే వ్యవహారం కోర్టుకు చేరితే సభలో ప్రశ్నకు దారి మూసుకుపోవచ్చు. అందుకే ప్రశ్న నోటీసు ముందు, కోర్టు తర్వాత అన్న వరస మంచిది.

మీ జాగ్రత్త

శాసనసభలో మాట్లాడిన సభ్యుడికి రాజ్యాంగం 194వ అధికరణ రక్షణ ఉంది. మీకు లేదు. వాట్సాప్ గ్రూపులో ఫలానా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దొంగ అని రాస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు రావచ్చు. కాగితం పేరు చెప్పండి, మనిషి పేరు వద్దు. సమాచారం ఇచ్చినవారి రక్షణ కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది గానీ అది అమల్లోకి రాలేదు. శాఖ లోపలి ఉద్యోగి ఎవరైనా మీకు కాగితం చూపిస్తే దాన్ని బయటపెట్టకండి. అందులోని నంబరు ఆధారంగా అదే కాగితాన్ని సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి. ఆ మనిషి బతుకుతెరువు మీ చేతుల్లో ఉందని మరవకండి.

దరఖాస్తులు నాలుగైదు పేర్లతో, గ్రామ సంఘం తరఫున వెళ్తే ఒకరి మీదే ఒత్తిడి పడదు. అసలు కాగితాలు ఒక ఇంట్లో, నకళ్లు మరో ఇంట్లో, స్కాన్ చేసినవి ఊరి బయట చదువుకునే పిల్లల దగ్గర ఉంచండి. బెదిరింపు వస్తే అదే రోజు ఎస్పీ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి, నకలును మీ ప్రశ్న వేసిన సభ్యుడికి పంపండి. సభలో ప్రశ్న వేసినందుకు ఊరివాళ్లను బెదిరించారన్న సంగతిని ఆయన సభాపతి దృష్టికి తీసుకెళ్లగలరు.